బీర్డెడ్ డ్రాగన్ గోళ్లు: పదే పదే అడిగే ప్రశ్నలు, జవాబులు

మేం ఉండేది టెక్సస్‌లో. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా అరచేతిలో పట్టేంత పిల్లగా ఇంటికొచ్చిన బీర్డెడ్ డ్రాగన్‌కి (తొండ లాంటి పెంపుడు బల్లిజాతి జీవి, ముద్దుగా బీర్డీ) ఇప్పుడు తొమ్మిదేళ్లు. పేరు మిరియం. అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయింది, మిరియం నా దగ్గరే ఉండిపోయింది. తెలిసిన తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లలు ఎవరు బీర్డీని తెచ్చుకున్నా ఐదారు నెలలకి నాకో ఫోను వస్తుంది. తిండి గురించి, లైట్ల గురించి ముందే చదువుకుని ఉంటారు. ఎటూ తేలక అడిగేది గోళ్ల గురించే. ఒకే జవాబు ఇరవై సార్లు చెప్పాక ఇలా రాసి పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే అది విడిగా చదువుకోవచ్చు. అందుకోసం కొన్ని మాటలు రెండు మూడు చోట్ల మళ్లీ చెప్పాను.

## తెచ్చుకున్న కొత్తలో

ఇది మన తొండ లాంటిదేనా? దీనికి అంత పదునైన గోళ్లెందుకు?

మన పెరట్లో తల ఊపే తొండా, ఇదీ ఒకే కుటుంబం. శాస్త్రవేత్తలు అగామిడే అంటారు. దీని సొంత ఊరు ఆస్ట్రేలియా లోపలి మెట్ట ప్రాంతం. అక్కడ చెట్ల మొద్దులూ కంచె గుంజలూ ఎక్కి ఎండ కాచుకుంటుంది, ఎండ మరీ మండితే నేల తవ్వుకుని లోపల దాక్కుంటుంది, ఆడది గుంత తీసి గుడ్లు పెడుతుంది. ఈ పనులన్నిటికీ దానికున్న పనిముట్లు కాలికి ఐదు చొప్పున ఇరవై గోళ్లే. అక్కడి రాయి, బెరడు, గట్టి నేల వాటిని రోజూ అరగదీస్తాయి. మన ఇంట్లో గాజు ట్యాంకు, నున్నటి నేల. అరిగే దారి లేక గోరు పెరుగుతూ పోతుంది.

గోళ్లు తప్పనిసరిగా తీయాలా?

అక్కర్లేదు. ట్యాంకులో గరుకు రాయి, ఎక్కడానికి మంచి కొయ్య ఉంటే జీవితంలో ఒక్కసారి కూడా కట్టర్ అవసరం పడని బీర్డీలు ఉన్నాయి. నన్ను అడిగేవాళ్లందరికీ మొదట చెప్పేది ఇదే: కట్టర్ కొనేముందు ట్యాంకు నేల చూడండి. గోరు పెరిగిందంటే సాధారణంగా ఆ నేల దాని పని చేయట్లేదని అర్థం. నేల మార్చకుండా గోరు మాత్రం కత్తిరిస్తే రెండు నెలల్లో మళ్లీ అక్కడికే వస్తారు.

మాది మూడు నెలల పిల్ల. గోళ్లు సూదుల్లా గుచ్చుకుంటున్నాయి, తీసేయనా?

వద్దు. ఆ వయసులో గోరు వెంట్రుకంత సన్నగా ఉంటుంది, రక్తనాళానికీ కొసకీ మధ్య కట్టర్ పట్టే చోటే ఉండదు. చేతి మీద పలచటి గుడ్డ వేసుకుని ఎత్తుకోండి. మరీ గుచ్చుకుంటుంటే మనం వాడే మెత్తటి నెయిల్ ఫైల్‌తో కొసని రెండుసార్లు అలా తాకించండి, చాలు. అయితే ఈ వయసు నుంచే రోజూ ఒక్కో వేలిని సున్నితంగా తాకి వదిలేయడం అలవాటు చేయండి. పెద్దయ్యాక అది మీకు ఎంతో కలిసొస్తుంది.

కొన్నప్పటి నుంచీ ఒక వేలికి గోరు లేదు. అడగకుండా మోసపోయామా?

పిల్లలుగా ఒకే తొట్టిలో కుక్కి పెంచినప్పుడు ఒకదాని వేలు ఇంకొకటి పురుగనుకుని కొరికేస్తుంది. చాలా మామూలు విషయం. పుండు మానిపోయి చర్మం మూసుకుని ఉంటే దానికి ఏ బాధా ఉండదు, పంతొమ్మిది వేళ్లతో కూడా హాయిగా ఎక్కుతుంది. ఎర్రగా, తడిగా, వాచి ఉంటే మాత్రం డాక్టరుకి చూపించండి.

ఎంత పొడుగైతే ఎక్కువైనట్టు?

కొలబద్ద అక్కర్లేదు. బల్లపరుపు నేల మీద నిలబెట్టి, దాని ఎత్తుకి వంగి పక్క నుంచి చూడండి. గోరు నేలని తన్ని వేలి కొస పైకి లేస్తున్నా, వేలు పక్కకి తిరుగుతున్నా గోరు పెరిగినట్టే. గోరు కొడవలిలా లోపలికి చుట్టుకుంటున్నా, నడుస్తుంటే ప్రతిసారీ గుడ్డకి తగులుకుంటున్నా అంతే. కేవలం పదునుగా ఉండటం లోపం కాదు. అది దాని సహజం.

వెనక కాలి నాలుగో వేలు మిగతావాటికంటే బాగా పొడుగు. దాన్ని చూసి గోరు పెరిగిపోయిందనుకుని కంగారు పడేవాళ్లు ఎక్కువ.

ఎన్నాళ్లకోసారి తీయాలి?

తేదీ పెట్టుకుని తీసేది కాదు. నెలకోసారి చూడండి, అవసరమైతేనే తీయండి. మిరియానికి గరుకు రాయి పెట్టకముందు ఏడెనిమిది వారాలకోసారి తీయాల్సి వచ్చేది. పెట్టాక ఏడాదికి రెండుసార్లకి తగ్గింది.

## ట్యాంకులో ఏం మార్చాలి

గోళ్లు వాటంతటవే అరిగేలా ఏర్పాటు చేయొచ్చా?

చేయొచ్చు, పైగా అన్నిటికంటే మంచి పద్ధతి అదే. బాస్కింగ్ లైటు (ఎండ బదులు వెచ్చదనం కోసం పెట్టే దీపం) కింద ఒక గరుకు రాతి పలక వేయండి. ఇక్కడ హార్డ్‌వేర్ షాపుల్లో స్లేట్ టైల్ అని అడిగితే ఇస్తారు. మన ఊళ్లలో అయితే పాలిష్ పెట్టని నాపరాయి, తాండూరు బండో కడప బండో, సరిగ్గా సరిపోతుంది. రోజూ ఎక్కువసేపు గడిపేది లైటు కిందే కాబట్టి ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ గోరు కొంచెం కొంచెం అరుగుతుంది. రాయి వేడిని పట్టి ఉంచుతుంది కూడా, పొట్ట కింద వెచ్చగా ఉంటుంది.

పాలిష్ గ్రానైట్ వద్దు. కాళ్లు జారి పక్కలకి పోతాయి, గోరూ అరగదు. పలక అంచులు పదునుగా ఉంటే ముందే రాతితో రుద్ది మొద్దు చేయండి. అడుగున మట్టి పోసి పెంచేవాళ్లు బరువైన రాయిని మట్టి మీద కాకుండా ట్యాంకు అడుగుకి ఆనించి పెట్టి, తర్వాత చుట్టూ మట్టి పోయాలి. బీర్డీ రాయి కిందకి తవ్వుకుంటూ పోతే రాయి దాని మీదే కూలుతుంది.

రాయితో పాటు బెరడున్న లావు కొమ్మ ఒకటి వాలుగా పెట్టండి. రాయి గోటిని అరగదీస్తుంది, కొమ్మ కాలికి బలాన్నిస్తుంది. రెండూ కావాలి.

షాపులో సాండ్‌పేపర్ పరచమన్నారు. పరచనా?

వద్దు. సాండ్‌పేపర్ గోటినే కాదు, అరికాళ్లనీ పొట్టనీ కూడా గీకుతుంది. ఆ సన్నటి పుళ్లలోంచి సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. రాతి మీద బరువు వేసి నడిచేటప్పుడు గోరే ముందు ఆనుతుంది, చర్మం రాపిడి పడదు. తేడా అక్కడుంది. నాకూ ఒక షాపులో ఇదే సలహా ఇచ్చారు, వారం వాడాక మిరియం పొట్ట కింది పొలుసులు ఎర్రబడ్డాయి. తీసేశాక మానడానికి తర్వాతి కుబుసం దాకా పట్టింది.

ట్యాంకు అడుగున పరిచే రెప్టైల్ కార్పెట్‌లో గోరు ఇరుక్కుంటోంది. ఏం చేయను?

ముందు, ఇరుక్కున్నప్పుడు కాలు లాగకండి. ఒంటిని ఒక చేత్తో ఆనించి పట్టుకుని, రెండో చేత్తో కార్పెట్ దారాన్ని చిన్న కత్తెరతో తెంచండి. దారం పోతే పోయింది. తర్వాత ఆ కార్పెట్ తీసి పారేయండి. గోరు మొదలంటా ఊడటానికి ఇంట్లో ఎక్కువగా కారణమయ్యేది ఈ కార్పెట్ కుచ్చులే. దాని బదులు పేపర్ టవల్ అయినా మేలు.

రోజంతా గాజుని గీరుతోంది. గోళ్లు పాడవవా?

గాజు మీద గోరు అరగదు. కానీ అదే పనిగా గీరుతుంటే ముందుకాళ్ల వేళ్ల కొసలూ మూతీ పుండు పడతాయి. గీరడానికి కారణం వేరే ఉంటుంది: ట్యాంకు చిన్నదవడం, గాజులో తన ప్రతిబింబమే ఇంకో బీర్డీలా కనపడటం, వేడి ఎక్కువై చల్లటి మూల లేకపోవడం. మూడు వైపులా బయటి నుంచి కాగితం అంటించి రెండు రోజులు చూడండి. ఆడదైతే గుడ్లు పెట్టే చోటు కోసం వెతుకుతూ కూడా ఇలా చేస్తుంది.

## కత్తిరించే ముందు

ఏ కట్టర్ కొనాలి?

పసిపిల్లల గోళ్లకి వాడే చిన్న నెయిల్ కట్టర్, లేదా పిల్లుల కోసం అమ్మే చిన్న కత్తెర లాంటి క్లిప్పర్. గోటితో పోయేదానికి గొడ్డలి అన్నట్టు కుక్కల క్లిప్పర్ తేవద్దు. దాని నోట్లో ఈ గోరు ఎక్కడుందో కూడా కనపడదు. పదును ముఖ్యం, మొద్దు కట్టర్ గోటిని కోయకుండా నలిపి చీలుస్తుంది. ఇంట్లోవాళ్లు వాడేది కాకుండా దీనికి వేరేగా ఒకటి ఉంచి, వాడాక సబ్బుతో కడిగి ఆరబెట్టండి.

లోపలి రక్తనాళం ఎక్కడిదాకా ఉందో ఎలా తెలుస్తుంది? మాదాని గోళ్లు నల్లగా ఉన్నాయి.

గోటి పైపెంకు మన గోరు లాంటిదే, దానికి నొప్పి తెలియదు. లోపల మొదలు వైపు నుంచి సగానికి పైగా రక్తనాళం, నరం ఉన్న మెత్తటి భాగం వస్తుంది. దాన్నే క్విక్ అంటారు. లేతరంగు గోరైతే ఫోన్ టార్చ్‌ని గోటి వెనక పెట్టండి, లోపల ముదురు గీత కనిపించి కొసకి కాస్త ముందే ఆగిపోతుంది. హైపో అని పిలిచే, ఒంట్లో నల్లరంగు తక్కువున్న రకాల గోళ్లు గాజులా ఉంటాయి, వాటికి టార్చ్ కూడా అక్కర్లేదు.

నల్లగోరులో ఏమీ కనపడదు. అక్కడ ఆకారాన్ని నమ్ముకోవాలి. పక్క నుంచి చూస్తే గోరు మొదట్లో లావుగా ఉండి, ఒకచోట నుంచి సన్నబడి కొక్కెంలా వంగుతుంది. ఆ సన్నబడ్డ కొక్కెం చివర మాత్రమే మీది. కొన్నిటికి ఒకే కాలికి నాలుగు నల్లవి, ఒకటి తెల్లది ఉంటుంది. ముందు ఆ తెల్లదాన్ని చూసి, మిగతావాటికీ అంతే వదిలేయండి.

ముందు స్నానం చేయించాలా?

చేయిస్తే మంచిది. మణికట్టు లోపలి వైపు పోసుకుంటే గోరువెచ్చగా తగిలే నీళ్లు, దాని మోచేతుల దాకా మాత్రమే, పది పదిహేను నిమిషాలు. గోరు కాస్త మెత్తబడి చీలకుండా తెగుతుంది, అతుక్కున్న మట్టి పోయి లోపలి గీత బాగా కనిపిస్తుంది, అది కూడా నెమ్మదిస్తుంది. నీళ్లలో పెట్టి పక్కకి వెళ్లకండి.

మా అత్తగారు మంగళవారం, శుక్రవారం, దీపాలు పెట్టాక గోళ్లు తీయొద్దంటున్నారు. దీనికీ పట్టింపేనా?

ఆవిడ మాట వినడం వల్ల మీకు పోయేదేమీ లేదు. దీపాలు పెట్టాక వద్దన్నది మాత్రం బీర్డీ విషయంలో నిజంగా పాటించాల్సిందే. వెలుతురు చాలక లోపలి గీత కనపడదు, పొరపాటున తెగితే ఆ వేళకి వెట్ క్లినిక్ మూసి ఉంటుంది. నేనైతే పని దినాల్లో ఉదయం పూట, కిటికీ దగ్గర కూర్చుని తీస్తాను.

ఎప్పుడు అసలు ముట్టుకోకూడదు?

బ్రూమేషన్‌లో, అంటే చలికాలపు సుదీర్ఘ నిద్రలో ఉన్నప్పుడు లేపి తీయొద్దు. కడుపుతో ఉన్న ఆడదానికి గుంత తవ్వడానికి గోళ్లు కావాలి, గుడ్లు పెట్టేదాకా ఆగండి. కడుపునిండా తిన్న వెంటనే, ఒంట్లో బాగోనప్పుడు, కొత్త ఇంటికి వచ్చిన మొదటి రెండు వారాలు కూడా వద్దు.

## కత్తిరించేటప్పుడు

ఎలా పట్టుకోవాలి? ముట్టుకుంటేనే గింజుకుంటోంది.

పై నుంచి చెయ్యి పెట్టకండి. దాని నడినెత్తిన వెలుగునీడలు తెలిసే మూడో కన్ను ఉంటుంది, పైన నీడ పడితే గద్ద వచ్చిందన్నంత భయం. ముందు నుంచో పక్క నుంచో చెయ్యి పోనిచ్చి, ఛాతీ కింద ఎత్తండి.

ఇద్దరుంటే తేలిక. ఒకరు ఛాతీకి ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు తీయాలి. ఒక్కరే అయితే పలచటి టవల్‌లో చుట్టి ఒక్కో కాలు బయటికి తీయండి. చుట్టడం అంటే బిగించడం కాదు. మనకున్నట్టు దానికి ఊపిరి నడిపే డయాఫ్రమ్ లేదు, పక్కటెముకల కండరాలు కదిలితేనే గాలి లోపలికి పోతుంది. టవల్ బిగిస్తే ఊపిరి ఆడదు. వెల్లకిలా తిప్పినా అదే ఇబ్బంది, కాబట్టి అలా తిప్పి తీసే వీడియోలు చూసి నేర్చుకోకండి. తోక పట్టుకుని ఆపకండి, బల్లి తోకలా అది తిరిగి రాదు.

కళ్ల మీద టవల్ కొస కప్పితే చాలావరకు సద్దుమణుగుతుంది. వేలిని బొటనవేలు, చూపుడువేలు మధ్య మెత్తగా పట్టుకోండి. అది కాలు వెనక్కి లాక్కుంటే మీ చెయ్యి కూడా దానితో వెళ్లాలి. ఎదురు లాగితే సన్నటి వేలి ఎముక విరుగుతుంది.

ఎంత కత్తిరించాలి?

ఒక మిల్లీమీటరు. అనుమానంగా ఉంటే అర మిల్లీమీటరు. ముందున్న సూది మొనని తీసేసి గోరు మొద్దుబారేలా చేస్తే చాలు, పొట్టిగా చేయాల్సిన పని లేదు. క్విక్‌కి, మీరు కోసే చోటుకి మధ్య కనీసం రెండు మిల్లీమీటర్లు ఉండాలి. కట్టర్‌ని గోటికి పక్క నుంచి పెట్టండి, పైనుంచీ కిందనుంచీ నొక్కితే గోరు పొడుగ్గా చీలుతుంది. మరీ పెరిగిపోయిన గోటిని ఒకేరోజు దారికి తేవాలనుకోవద్దు. రెండు మూడు వారాలకోసారి కొంచెం కొంచెంగా తీస్తుంటే లోపలి క్విక్ కూడా నెమ్మదిగా వెనక్కి తగ్గుతుంది.

మధ్యలో గడ్డం నల్లగా అయి నోరు తెరిచింది. కానిచ్చేయనా?

ఆపేయండి. గడ్డం నల్లబడటం అంటే భయం లేదా కోపం, ఇక చాలని అది చెప్పే మాట. వదిలి ట్యాంకులో లైటు కింద పెట్టండి. ఇరవై గోళ్లూ ఒకే పూట తీయాలని ఎక్కడా లేదు. రోజుకో కాలు చొప్పున నాలుగు రోజులు తీసుకుంటే దానికీ భయం పోతుంది, మీ చెయ్యీ కుదురుతుంది.

నా చొక్కాని పట్టుకుని వదలట్లేదు. లాగొచ్చా?

ఉడుము పట్టు అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఈ జాతిలో గోరు పడితే వెనక్కి రాదు, ముందుకి జరిపితేనే విడుతుంది. కాబట్టి ఒంటిని కాస్త ముందుకీ పైకీ నెట్టి, కొక్కెం వదులయ్యాక ఒక్కో వేలినీ ఎత్తండి. వెనక్కి లాగితే గోరు మొదలంటా ఊడొచ్చు.

కట్టర్ అంటే చెయ్యి వణుకుతోంది. ఫైల్‌తో అరగదీస్తే?

భయపడేవాళ్లకి నేను చెప్పేది అదే. మెత్తటి గరుకున్న నెయిల్ ఫైల్‌తో ఒకే వైపుకి, ముందుకీ వెనక్కీ కాకుండా, గోటికి ఏడెనిమిది సార్లు. ఎక్కువసేపు పడుతుంది గానీ రక్తం వచ్చే అవకాశం బాగా తక్కువ. కుక్కలకి వాడే మోటారు గ్రైండర్ మాత్రం వద్దు. ఆ అదురుకి, వేడికి ఇంత చిన్న వేలు తట్టుకోలేదు.

## రక్తం వస్తే

రక్తం వచ్చేసింది! ఇప్పుడేం చేయాలి?

దాన్ని వదిలేయకండి. శుభ్రమైన పేపర్ టవల్‌తో గోటి కొసని రెండు నిమిషాలు నొక్కి పట్టండి, మధ్యలో తీసి చూడొద్దు. తర్వాత రక్తం ఆపే స్టిప్టిక్ పౌడర్ ఉంటే అది, లేకపోతే వంటింట్లో కార్న్‌స్టార్చ్ (ఇండియాలో కార్న్‌ఫ్లోర్ అని దొరికేది) చిటికెడు అరచేతిలో వేసుకుని, రక్తం వస్తున్న కొసని అందులో అద్ది మళ్లీ మూడు నిమిషాలు నొక్కండి. చాలావరకు ఐదు నిమిషాల్లో ఆగుతుంది. స్టిప్టిక్ పౌడర్ మండుతుంది, ఒక్కసారి కాలు విదిలిస్తుంది, సిద్ధంగా ఉండండి. అది గోటి కొసకే గానీ తెగిన చర్మానికి వేసేది కాదు.

పది పదిహేను నిమిషాలు నొక్కినా ఆగకపోతే డాక్టరు దగ్గరికి బయల్దేరండి, దారిలో కూడా నొక్కే ఉంచండి.

పసుపు పెట్టొచ్చా?

మనకి తెగితే మన చెయ్యి ముందు పసుపు డబ్బా మీదకే పోతుంది, ఆ తపన నాకు తెలుసు. కానీ వంటింటి పసుపు శుభ్రపరిచింది కాదు, రంగు పట్టేసి రేపు అక్కడ ఎరుపెక్కిందో లేదో, చీము పట్టిందో లేదో కనపడనివ్వదు. ఆ డబ్బా పక్కనే ఉండే కార్న్‌స్టార్చ్ తీసుకోండి.

చాలా రక్తం పోయినట్టుంది. ప్రమాదమా?

తెల్ల పేపర్ టవల్ మీద నాలుగు చుక్కలు కూడా భయంకరంగా కనిపిస్తాయి. బల్లిజాతి ఒంట్లో బరువులో సుమారు 5 నుంచి 8 శాతం రక్తం ఉంటుంది. 400 గ్రాముల పెద్ద బీర్డీకి అది 20 నుంచి 32 మిల్లీలీటర్లు. గోటి కొస నుంచి పోయే పది చుక్కలు అర మిల్లీలీటరు. దానికేమీ కాదు. చిన్నపిల్లల లెక్క వేరు: 20 గ్రాముల పిల్ల ఒంట్లో ఉండేదే సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీలీటర్లు. వాటి గోళ్లు తీయొద్దనేది అందుకే.

రక్తం ఆగాక రెండు మూడు రోజులు ఏం చూసుకోవాలి?

మట్టి, ఇసుక తీసేసి పేపర్ టవల్ పరచండి. ఒక రోజు స్నానం వద్దు, గడ్డ కట్టింది నానిపోయి మళ్లీ కారుతుంది. మరుసటి రోజు నుంచి పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపిన పోవిడోన్ అయోడిన్‌తో రోజుకోసారి తుడవండి. నొప్పి తగ్గించే మందు కలిపిన ఆయింట్‌మెంట్లు రాయొద్దు, మనం మింగే నొప్పి మాత్రలు అసలు వద్దు. మెల్లగా నడిచినా ఫరవాలేదు. తిండి మానేసినా, వేలు వాచినా డాక్టరుకి చూపించాలి.

గోరు మొత్తం ఊడిపోయింది. మళ్లీ వస్తుందా?

పైపెంకు మాత్రమే ఊడి లోపలి మెత్తటి భాగం మిగిలి ఉంటే నెమ్మదిగా, నెలల మీద, మళ్లీ వస్తుంది. మొదట్లో వచ్చేది వంకరగా ఉండొచ్చు. లోపలి ఎముక కొసతో సహా పోతే ఇక రాదు. రెండింటిలోనూ మొదటి పని ఒకటే: రక్తం ఆపి, పేపర్ మీద ఉంచి, ఆ రోజో మర్నాడో డాక్టరుకి చూపించడం. తెరుచుకున్న ఎముకకి ఇన్‌ఫెక్షన్ పడితే వేలే తీయాల్సి వస్తుంది.

## కుబుసం, వేళ్లు, జబ్బులు

ఒళ్లంతా కుబుసం ఊడింది, వేళ్ల చివర మాత్రం ఉంగరంలా మిగిలింది. దానంతటదే పోతుందా?

ఒక వారం చూడండి, అంతకుమించి వద్దు. పాత చర్మం ఎండేకొద్దీ బిగుసుకుంటుంది, వేలికి దారం కట్టి లాగినట్టే. రక్తం అందక కొస చచ్చిపోతుంది, గోరూ దానితో పోతుంది. రోజూ పదిహేను ఇరవై నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు నానబెట్టి, మెత్తటి పసిపిల్లల టూత్‌బ్రష్‌తో గోటి వైపుకి మెల్లగా రుద్దండి. వదులైన ముక్క దానంతటదే వస్తుంది. గోటితో గిల్లి లాగొద్దు, కింది కొత్త చర్మం చిరుగుతుంది. ప్రతి కుబుసం తర్వాత ఇరవై వేళ్లూ లెక్కపెట్టుకుంటూ చూడటం నాకు అలవాటు. ఈ పేజీలో ఒక్క అలవాటే ఎంచుకోమంటే నేను దీన్నే చెప్తాను. గోరు పెరగడం కంటే ఈ ఉంగరాల వల్లే ఎక్కువ వేళ్లు పోతాయి.

కొబ్బరినూనె రాస్తే ఊడుతుందా?

నూనె పైపైన మెరుస్తుంది గానీ ఎండిన చర్మాన్ని నానబెట్టేది నీళ్లే. జిడ్డుకి మట్టి అంటుకుని వేళ్ల సందుల్లో చేరుతుంది. నేను వాడను.

వేలి కొస నల్లబడి ఎండిపోయింది.

చుట్టూ పాత చర్మం బిగుసుకుందేమో, వెంట్రుకో దారమో చుట్టుకుందేమో భూతద్దంతో చూడండి. కనపడితే నానబెట్టి తీయండి. ఎలాగైనా డాక్టరుకి చూపించాల్సిందే, చచ్చిన భాగం పైకి పాకుతుంటే ఆగే చోట శస్త్రచికిత్స చేస్తారు. ఒక వేలి కొస పోయినా బీర్డీ మామూలుగానే బతుకుతుంది, ఆలస్యం చేస్తేనే పాదం దాకా వస్తుంది.

ఒక వేలు వాచి గట్టిగా ఉంది, గోరు పక్కకి తిరిగింది.

విరగడం, ఎముకలో ఇన్‌ఫెక్షన్, గౌట్ (కీళ్లలో యూరిక్ ఆసిడ్ పేరుకునే జబ్బు): బయటికి ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఎక్స్‌రే తీస్తే గానీ తెలియదు. ఇంట్లో కట్టు కట్టి చూద్దాం అనుకోకండి.

వేళ్లు అప్పుడప్పుడు వణుకుతున్నాయి, గోళ్లు వంకరగా వస్తున్నాయి. కాల్షియం తక్కువైందా?

వేళ్లు అదరడం కాల్షియం పడిపోయిందనడానికి తొలి గుర్తుల్లో ఒకటి. దవడ మెత్తగా వంగుతున్నా, కాళ్లు వాచినా, పాకేటప్పుడు పొట్ట నేలకి రాసుకున్నా ఎముకల జబ్బు ముదిరినట్టే. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

చాలాసార్లు లోపం తిండి మీద చల్లే కాల్షియం పౌడర్‌లో కాదు, లైటులో ఉంటుంది. యూవీబీ కాంతి (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) లేకుండా దాని ఒళ్లు డీ3 విటమిన్ తయారు చేసుకోలేదు, డీ3 లేకుండా తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. ట్యూబ్ వెలుగుతూనే ఉంటుంది, అందులో యూవీబీ మాత్రం నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. కంపెనీ చెప్పిన గడువుకి, మామూలుగా ఆరు నుంచి పన్నెండు నెలలకి, మార్చేయాలి. కిటికీ గాజులోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు, గాజు యూవీబీని ఆపేస్తుంది. బాస్కింగ్ చోటు 38 నుంచి 42 డిగ్రీల సెంటీగ్రేడ్ ఉండాలి. ఇక తిండి: పాలకూర, తోటకూర మన ఇళ్లలో రోజూ ఉంటాయి కదా అని అవే వేస్తుంటారు. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టిపడేస్తాయి. కొలార్డ్, ఆవాకు, డాండెలయన్ ఆకులు మేలు. గోళ్ల బలానికని మనుషుల బయోటిన్ మాత్రలు పొడి చేసి వేయడం వద్దు.

గోటి మొదట్లో పసుపుపచ్చ పెచ్చులు కట్టాయి.

బీర్డీల్లో పసుపు ఫంగస్ అనే మొండి జబ్బు ఉంది, పెచ్చులు కట్టి చర్మం లోతుకి పోతుంది, ఇంకో బీర్డీకి అంటుకుంటుంది. మామూలు కుబుసం ఇలా కనిపించదు. మిగతావాటి నుంచి విడిగా పెట్టి, దాని కట్టర్, తువ్వాలు వేరే దేనికీ వాడకుండా, వెంటనే చూపించండి.

## ఇంట్లోవాళ్ల సంగతి

మా బాబుని గీరింది, రక్తం వచ్చింది. రేబిస్ ఇంజెక్షన్ కావాలా?

రేబిస్ పాలిచ్చే జంతువుల జబ్బు, బల్లిజాతి నుంచి రాదు. కానీ బీర్డీలు పైకి ఆరోగ్యంగా ఉంటూనే సాల్మొనెల్లా మోయగలవు. గీత పడ్డ చోట పారే నీళ్ల కింద సబ్బుతో బాగా కడగండి, టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో చూసుకోండి, వాస్తే డాక్టరుకి చూపించండి. గోళ్లు తీసిన బల్లని, చేతుల్ని కూడా సబ్బుతో కడగాలి. వంటింటి సింకులో దీనికి స్నానం వద్దు. ఐదేళ్లలోపు పిల్లలు, ముఖ్యంగా పసిపాపలు ఉన్న ఇంట్లో ఇంకా జాగ్రత్త.

భుజం మీద ఎక్కించుకుంటే ఏం వేసుకోవాలి?

మందపాటి కాటన్. ఊలు స్వెటర్, నెట్ చున్నీ, జరీ చీర వద్దు. మా ఇంట్లో దీపావళి రోజు జరీ అంచులో మిరియం గోరు చిక్కుకుంది. చీర అంచు కత్తిరించి విడిపించాం, అదృష్టం కొద్దీ గోరు దక్కింది.

హైదరాబాద్‌లో మా తమ్ముడు పెంచుతున్నాడు. అక్కడ ఎవరికి చూపించాలి?

కుక్కలూ పిల్లులూ చూసే డాక్టర్లందరికీ సరీసృపాల అనుభవం ఉండదు, అందుకే ఫోన్లో ముందే అడగాలి: "బల్లిజాతికి వైద్యం చేశారా, ఎక్స్‌రే తీస్తారా?" రాజేంద్రనగర్‌లోనూ, తిరుపతి, గన్నవరంలోనూ పశువైద్య కళాశాలలు ఉన్నాయి, అక్కడ విచారిస్తే అనుభవం ఉన్నవాళ్ల పేరు తెలుస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి సరీసృపాల వైద్యుల సంఘం ఏఆర్‌ఏవీ వెబ్‌సైట్‌లో ఊరి వారీగా జాబితా ఉంది. అవసరం పడకముందే నంబరు రాసి ట్యాంకు మీద అంటించుకోండి.

మాది ముసలిదైపోయింది, కదలట్లేదు. గోళ్లు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.

కదలిక తగ్గితే అరుగుదల తగ్గుతుంది, ఎన్ని రాళ్లు పెట్టినా ఈ వయసులో చేత్తో తీయక తప్పదు. కీళ్ల నొప్పులు ఉండొచ్చు కాబట్టి కాలు చాచి లాగొద్దు, అది ఎలా పడుకుందో అలాగే ఉంచి మీరే వంగండి. మిరియం ఇప్పుడు కొమ్మ ఎక్కదు. పొద్దున్నే రాతి మీద పొట్ట వెచ్చబెట్టుకుని కళ్లు సగం మూసుకున్నాక, ట్యాంకులోకే చెయ్యి పెట్టి రోజుకి ఒక్క గోరు ఫైల్ చేస్తాను. ఇరవై రోజులకి ఒక చుట్టు పూర్తవుతుంది. కాలు కూడా వెనక్కి తీసుకోదు.